డిమ్ము

కొర్లగుంటలో మా ఇల్లంటే ఒక్క గది.
సగం మంచం, సగం నా టేబులు.
దాని మీద ఇరవై రెండంగుళాల మానిటరు.
భవానీనగర్‌లో మూతబడిన నెట్ సెంటరబ్బాయి
పదహారు వందలకు ఇచ్చేసి
"బటన్ల సంగతి మాత్రం అడగొద్దక్కా" అన్నాడు.

ఐదు బటన్లు. గడ్డం కింద, వెనకవైపు,
ఈతగింజలంత.
చూసి నొక్కేవి కావు, తడిమి నొక్కేవి.
వెలుతురు తగ్గించబోతే భాష మారేది.
ఒకనాడు చీనా అక్షరాలొచ్చి కూర్చున్నాయి,
పిలవని చుట్టాల మాదిరి మూడు రోజులు కదల్లేదు.
ఆ తరవాత మూడో బటను లోపలికి పోయి
మళ్ళీ బయటికి రాలేదు.
వెలుతురు నూటికి నూరు దగ్గర బిగుసుకుపోయింది.

రాత్రి పదికి నా పని మొదలు.
బెంగుళూరు ఆసుపత్రి డాక్టర్లు
చెప్పింది చెప్పినట్టు టైపు చేయాల:
గుండె, ఊపిరితిత్తి, ఎడమ మోకాలు.
మునిచంద్రకు తొలిబస్సు డ్యూటీ, మదనపల్లె రూటు.
మూడున్నరకు లేవాల.
నా తెల్లటి వెలుతురు తిన్నగా పోయి
ఆయన కనురెప్పల మీద పడేది.
మోచెయ్యి అడ్డం పెట్టుకుని నిద్రపోయేవాడు,
మిట్టమధ్యాన్నం నీడలేని స్టాపులో నిలబడినోడి మాదిరి.
ఒక్క మాటా అనలేదు.
అదే నాకు ఎక్కువైంది.

తెరకు తువ్వాలు కప్పి సందులోంచి చూసినా.
చలవద్దాలు పెట్టుకుని టైపు చేసినా,
మైక్రోగ్రాము మిల్లీగ్రాము అయి కూర్చుంది,
సూపర్‌వైజరు ఒకరోజు కూలి కోసినాడు.

రేణిగుంట షాహీనా ఫోన్లో నవ్వింది.
"ఎందుకే దాని గడ్డం పట్టుకుని బతిమాలతావు?
బొమ్మను మోసే తీగలోనే
మాట పోయే దారీ ఉంటాది.
కంప్యూటరునే చెప్పమను."

చెప్పమన్నా. వినలేదు.
నడమ ఉండే కన్వర్టరు ముక్క
బొమ్మను పోనిచ్చి మాటను మింగేస్తా ఉందంట.
అట్లాంటి పెద్దమనుషులు మా వీధిలోనూ ఉండారు.
గాంధీ రోడ్డులో కొత్త తీగ, రెండు వందల యాభై.

ఆ రాత్రి తెర మూల రెండు గీతలు మొలిచినాయి,
ఒకదానికి సూర్యుడు, ఒకదానికి స్పీకరు.
సూర్యుణ్ణి పట్టుకుని ఎడమకు లాగినా.
నూరు. డెబ్బై. నలభై.
మానిటరు ఒక్క క్షణం ఆలస్యంగా,
ఆలోచించుకుని, తల వంచింది.
ఇరవై దగ్గర గోడ మీది కేలండరు ఆరిపోయింది.
పన్నెండు దగ్గర
ఆయన మోచెయ్యి మొహం మీంచి జారి
పక్కన పడింది.
ఆశ పుట్టి సున్నా దాకా లాగినా.
సున్నాలోనూ రవంత వెలుగుంది,
నివురు కింద నిప్పంత.

రెండో గీత నాలుగు దగ్గర ఆపినా.
రోజూ సంతలో బేరమాడినట్టు అరిచే డాక్టరు
ఆ నాలుగులో
ఎవరో పోయిన సంగతి చెప్పినాడు,
పక్కన నిలబడి, మెల్లగా.
తగ్గించింది నేనే అని తెలుసు.
అయినా ఆ వాక్యం టైపు చేసినాక
కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకున్నా.

మూడున్నరకు లేచినాడు.
చూపించినా. సూర్యుణ్ణి అటూ ఇటూ రెండుసార్లు తోసి
"ఓ, డిమ్ము కొట్టడమే గదా" అన్నాడు.
భాకరాపేట ఘాట్లో ఆయన రోజూ చేసేదే.
"కొట్టేవాళ్ళ కన్నా కొట్టనోళ్ళే ఎక్కువ.
కళ్ళు బైర్లు కమ్మితే
రోడ్డు యాడుందో బస్సునే అడగాల."
చొక్కా గుండీలు పెట్టుకుంటా అన్నాడు,
నా వైపు చూడకుండా.
టిఫిను డబ్బా తీసుకుని పోయినాడు.

ఇంక గదంతా నాదే గదా అని
డెబ్బైకి తోసినా.
ఖాళీ మంచం మీద వెలుతురు పడి
దిండులో ఆయన తల ఆనిన గుంట కనబడింది.

మళ్ళీ పన్నెండుకు తెచ్చుకున్నా.
ఇంకా రెండు ఫైళ్ళుండాయి.